కష్టమైన వాక్యాలు చెబితే మనుషులు రావడం మానేస్తారా?

బైబిల్ స్టడీలో పాపం, తీర్పు, మారుమనస్సు అనే మాటలు ఎత్తగానే కొందరు ముఖం ముడుచుకుంటున్నారని, వాళ్లు మానేస్తారేమోనని టెన్షన్‌గా ఉందని, కొన్నాళ్లు అవి పక్కన పెట్టమంటారా అని అడిగారు. ఆరేళ్ల పాటు పక్కన పెట్టిన మనిషిగా చెబుతున్నాను, పెట్టకండి.

మాది పది పన్నెండు మంది ఉన్న చిన్న గ్రూపు. వాక్యం చెప్పే బాధ్యత నాది. వారం వారం ఆదరణ, ఆశీర్వాదం, ధైర్యం, ఇంతే. మీకు మేలు చేసే ఉద్దేశాలే నాకున్నాయి, మంచి భవిష్యత్తు ఇస్తాను అని దేవుడు వాగ్దానం చేసే యిర్మీయా 29:11 ఎన్నిసార్లు చెప్పి ఉంటానో లెక్కలేదు. దానికి సరిగ్గా పైనున్న పదో వచనం మాత్రం ఒక్కసారి కూడా చదివి వినిపించలేదు. బబులోనులో డెబ్బై ఏళ్లు గడిచాకే అని అందులో ఉంది. ఈ మాటలు బబులోనుకు బందీలుగా వెళ్లినవాళ్లకు యిర్మీయా ప్రవక్త రాసిన ఉత్తరంలోవి. అంటే ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లలో చాలామంది తిరుగు ప్రయాణం దాకా బతికి ఉండరు. అది కూడా చెబితే వాగ్దానం బరువు పెరుగుతుందే గాని తగ్గదు. ఇబ్బందల్లా చెప్పే నాకే.

తర్వాత గ్రూపులో ఒక తమ్ముడి తల్లికి జబ్బు చేసింది. అందరం ప్రార్థించాం. ఆమె చనిపోయింది. నెల రోజులకు అతను వచ్చి 88వ కీర్తన తెరిచి నా ముందు పెట్టాడు. "అన్నా, ఇది కూడా బైబిల్లోదేగా? ఇన్నేళ్లలో ఒక్కసారీ చెప్పలేదేం?" అన్నాడు. మొరతో మొదలై చీకటి దగ్గర ఆగిపోయే కీర్తన అది. చాలా విలాప కీర్తనల చివర్లో వచ్చే ఆశ అందులో కనిపించదు. నా దగ్గర జవాబు లేదు.

ఆ రాత్రి నా బైబిల్ మూసి అంచు చూశాను. యెషయా రెండో సగం, ఫిలిప్పీ, కొన్ని కీర్తనలు ఉన్న చోట వేళ్ల మురికి పట్టి నల్లబడింది. హబక్కూకు, జెఫన్యా దగ్గర బంగారు పూత కొత్తగా మెరుస్తోంది, పేజీలు ఇంకా అతుక్కునే ఉన్నాయి. వీలైతే మీదీ ఓసారి చూసుకోండి.

హెచ్చరికలు మాత్రమే దాస్తున్నానని అప్పటిదాకా నా లెక్క. వాటితో పాటు ఏడ్చేవాడికి అక్కరకొచ్చే మాటలు కూడా దాచేశాను. అలాగని నరకం తప్ప ఇంకోటి మాట్లాడని వాళ్లు పూర్తిగా చెబుతున్నట్టు కాదు. వాళ్లు కృపను దాస్తున్నారు. కాకపోతే గొంతు పెద్దది కాబట్టి అది దాచడంలా కనబడదు.

మిలేతుకు ఎఫెసు సంఘ పెద్దలను పిలిపించుకుని, దేవుని సంకల్పమంతా చెప్పాను, ఏదీ దాచుకోలేదు అంటాడు పౌలు (అపొస్తలుల కార్యములు 20). అక్కడే మూడేళ్లు అనీ, రాత్రింబగళ్లు అనీ, కన్నీళ్లతో అనీ అంటాడు. అన్నీ ఒక్క రోజే కుమ్మరించలేదన్నమాట. చెప్పాల్సినవి ఇంకా చాలా ఉన్నాయి, ఇప్పుడు మీరు తట్టుకోలేరని యేసు కూడా శిష్యులతో అన్నాడు (యోహాను 16:12). కాబట్టి ఆలస్యంగా చెప్పడం తప్పు కాదు. కానీ నా "తర్వాత చెబుదాం"కు ఆరేళ్లయినా తేదీ రాలేదు.

నాకు పనిచేసిన పద్ధతి ఒక్కటే, ఒక పుస్తకం పట్టుకుని వరసగా వెళ్లడం. ఇది కొత్తదేమీ కాదు. 1519 జనవరి 1న స్విట్జర్లాండ్‌లోని జ్యూరిచ్‌లో సంఘ సంస్కర్త జ్వింగ్లీ, వారాల వారీగా నియమించిన భాగాలు వదిలేసి మత్తయి మొదటి అధ్యాయం నుంచి వరసగా బోధించడం మొదలుపెట్టాడు. ఇలా వెళ్తే అంశం మన ఇష్టం కాదు. ఫలానావాళ్లను మనసులో పెట్టుకుని అన్నాడనే అనుమానమూ తక్కువ.

మేం మార్కు సువార్త తీసుకున్నాం. పదో అధ్యాయంలో విడాకుల మాట వస్తుంది. గ్రూపులో విడాకులైన ఒక అక్క ఉంది. వారం ముందే ఫోన్ చేసి చెప్పాను. "నా కోసం దాటేస్తే మాత్రం ఇక నేను రాను" అంది. వచ్చింది, విన్నది, నాకు తట్టని ప్రశ్నలు రెండు అడిగింది. ఒకదానికి ఇంకా జవాబు వెతుకుతున్నాను.

మీ అసలు భయం మనుషులు మానేస్తారని కదా. అదే అధ్యాయంలో చాలా ఆస్తి ఉన్న ఒకాయన వస్తాడు. యేసు అతన్ని చూసి ప్రేమించాడని రాసి ఉంది, ఉన్నదంతా అమ్మి బీదలకివ్వమన్నదీ ఆ ప్రేమతోనే. అతను దిగులుగా వెళ్లిపోయాడు. సరే, సగం అమ్మినా చాలులే అంటూ యేసు వెనక్కి పిలవలేదు. ఈ వచనాలు చెప్పేటప్పుడు నా గొంతు వణికింది, దాచడమెందుకు. ఆ తర్వాతి నెలల్లో మా గ్రూపులోనూ ఇద్దరు మానేశారు. ఒకరు ఏడాదికి తిరిగొచ్చారు, రెండో ఆయన రాలేదు. ఆయనకు ఇప్పటికీ ఫోన్ చేస్తుంటాను, అన్ని కబుర్లూ చెప్పుకుంటాం.