ఓటు లేకపోయినా మైకు ఉంది

"అన్నా, మేం హెచ్‌1బి వీసా మీద ఉన్నాం. ఓటే లేదు. ఈ టౌన్‌షిప్ గొడవలు మాకెందుకు?"

కొత్తగా ఇల్లు కొన్నవాళ్లు గృహప్రవేశం భోజనాల దగ్గర నన్ను తరచూ అడిగే మాట ఇది. ఒకప్పుడు పప్పన్నం కలుపుకుంటూ నవ్వేసి ఊరుకునేవాణ్ని. ఇప్పుడు ఊరుకోవడం లేదు. ఆ మాటే నమ్ముకుని నేను బాగా దెబ్బతిన్నాను మరి.

మాది సెంట్రల్ న్యూజెర్సీ. ఊరి పేరు చెప్పను, అక్కడే బతకాలి కదా. విస్తీర్ణంలో మన ఉమ్మడి అనంతపురం జిల్లాకు అటూఇటూగా ఉండే ఈ రాష్ట్రంలో 564 మున్సిపాలిటీలున్నాయి. మా టౌన్‌షిప్ కూడా వాటిలో ఒకటి. ప్రతిదానికీ సొంత మేయరు, సొంత కౌన్సిలో కమిటీయో, సొంత బడ్జెట్. వీటికి తోడు స్కూలు బోర్డులు, వాటిపైన మన జిల్లాల్లాంటి కౌంటీలు. ఇంతమందినీ పోషించేది మన ఇంటి పన్నే. 2024లో రాష్ట్రంలో ఒక్కో ఇంటికి సగటు ప్రాపర్టీ ట్యాక్స్ పది వేల డాలర్లు దాటింది. ఫిబ్రవరి, మే, ఆగస్టు, నవంబర్ ఒకటో తేదీల్లో నాలుగు వాయిదాల్లో కడతాం. వీసా ఏదని ట్యాక్స్ కలెక్టర్ అడగడు. చెక్కు తీసుకుంటాడు.

నా కథకొస్తాను. 2016 చలికాలంలో పోస్టుమ్యాన్ మా తలుపుకి పీచ్ పండు రంగు చీటీ అంటించి వెళ్లాడు. సర్టిఫైడ్ మెయిల్ అంటే ఇమ్మిగ్రేషన్ వాళ్లదేమో అని టెన్షన్ పడి మర్నాడే పోస్టాఫీసుకు పరుగెత్తాను. విప్పి చూస్తే ఎవరో లాయరు పంపిన రెండు పేజీల ఉత్తరం. బ్లాక్ నంబరు, లాట్ నంబరు, వేరియన్స్, హియరింగ్... ఒక్క ముక్క అర్థం కాలేదు. ఎవరో ఏదో అమ్ముకుంటున్నారనుకుని పిజ్జా కూపన్లున్న డ్రాయరులో పడేశాను. మా ఆవిడ "ఓసారి ఎవరికైనా చూపించండి" అని రెండుసార్లు అంది. చూపించలేదు.

ఏడాది తిరిగేసరికి మా పెరటి వెనక చెట్లు కొట్టేశారు. తర్వాత బుల్డోజర్లు దిగాయి. అక్కడ పెద్ద గోడౌను, దాని ముందు ఎకరాలకొద్దీ తారు పోసిన పార్కింగ్ లేచాయి. అప్పుడు డ్రాయరు వెతికితే ఉత్తరం అందులోనే ఉంది.

కాబట్టి మొదటి సంగతి ఇది. న్యూజెర్సీలో ఏ స్థలంలో ఏం కట్టొచ్చో చూసే జోనింగ్ బోర్డునో ప్లానింగ్ బోర్డునో ఎవరైనా వేరియన్స్, అంటే నిబంధన నుంచి మినహాయింపు, అడిగితే, ఆ స్థలానికి 200 అడుగుల లోపున్న ఇళ్ల యజమానులందరికీ హియరింగ్‌కి కనీసం పది రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. మనకొచ్చే ఉత్తరం అదే. అది వచ్చిందంటే బోర్డు ముందు మాట్లాడే హక్కు మనకుందని అర్థం. ప్రమాణం చేసి మాట్లాడొచ్చు, అవతలివాళ్ల ఇంజినీరునూ ట్రాఫిక్ నిపుణుణ్నీ లాయరులాగా ప్రశ్నించొచ్చు. పౌరసత్వం అడగరు. పేరు, ఇంటి చిరునామా చెప్తే చాలు. ఇళ్లకు కేటాయించిన చోట గోడౌను లాంటిది కట్టాలంటే జోనింగ్ బోర్డులో ఏడింట ఐదు ఓట్లు పడాలి. అంటే ముగ్గురు అడ్డం తిరిగితే దరఖాస్తు పడిపోతుంది. ఆ ముగ్గురికీ సందేహం పుట్టించే పని ఇరుగుపొరుగువాళ్లదే. ఉత్తరం రాసి పంపితే సరిపోతుందనుకోకండి. కాగితాన్ని ఎదురు ప్రశ్నలు అడగలేరు కాబట్టి చాలా బోర్డులు దాన్ని లెక్కలోకి తీసుకోవు. మనిషే వెళ్లాలి. నిర్ణయం ప్రచురించాక కోర్టుకెళ్లడానికి ఉండేది 45 రోజులే. నాకు తెలివొచ్చేటప్పటికి అది ఎప్పుడో దాటిపోయింది.

అద్దెకుండేవాళ్లకు ఈ ఉత్తరం రాదు. వాళ్లు టౌన్‌షిప్ వెబ్‌సైటులో ఎజెండా చూసుకోవాలి.

2021 సెప్టెంబర్ 1 రాత్రి ఐడా తుపాను శేషం మా మీద పడింది. మా బేస్‌మెంట్‌లో మోకాలి లోతు నీళ్లు. కరెంటు పోయి, నీళ్లు బయటికి తోడే సంప్ పంపు ఆగిపోయింది. పిల్లల చిన్నప్పటి ఫోటోల అట్టపెట్టెలు తేలుతున్నాయి. ఆ రాత్రి న్యూజెర్సీలో ముప్పై మంది పోయారు, దాని ముందు మాది కష్టం కిందే లెక్కకాదు. కానీ తెల్లారి పెరట్లో నిలబడి చూస్తే, గోడౌను వాననీళ్ల కోసం తవ్విన బేసిన్ గట్టు దాటి పొంగి మా వైపే పారిన బురద జాడ స్పష్టంగా కనిపించింది. నీళ్లన్నీ అక్కణ్నుంచే వచ్చాయని నేను ఇప్పటికీ రుజువు చేయలేను. అడగడానికి మాత్రం అది చాలు.

ఎవరిని అడగాలన్నదే పెద్ద తంటా. మా కమ్యూనిటీ హెచ్ఓఏ వాళ్లు "అది మాది కాదు" అన్నారు. అది నిజమే. ఈ తేడా కొత్తవాళ్లకు తెలియదు. హెచ్ఓఏ అంటే మన అపార్ట్‌మెంట్ సంఘం లాంటిది, ప్రభుత్వం కాదు. టౌన్‌షిప్‌కి ఫోన్ చేస్తే ఒక డిపార్ట్‌మెంట్ ఇంకో డిపార్ట్‌మెంట్‌కి కలిపింది. మన ఎమ్మార్వో ఆఫీసులో "రేపు రండి" అంటారే, అదే మాట ఇక్కడ చాలా మర్యాదగా, వాయిస్‌మెయిల్‌లో చెప్తారు.

అప్పుడు పక్కవీధి పెద్దావిడ ఒకామె దారి చూపింది. రిటైరైన స్కూల్ టీచరు, ప్రతి మీటింగ్‌కీ లావుపాటి ఫైలు చంకలో పెట్టుకుని వస్తుంది. "ఫోన్ చేయకు, ఓప్రా వెయ్" అంది. ఓప్రా అంటే ఓపెన్ పబ్లిక్ రికార్డ్స్ యాక్ట్, 2002 నుంచి అమల్లో ఉంది. మన సమాచార హక్కు చట్టానికి అన్నలాంటిది. మన దగ్గర జవాబుకు 30 రోజుల గడువైతే ఇక్కడ మామూలుగా ఏడు పని దినాలు. దరఖాస్తు టౌన్‌షిప్ క్లర్క్‌కి ఇవ్వాలి. ఫారం ఒకటే పేజీ. ఈమెయిల్లో తెప్పించుకుంటే సాధారణంగా ఖర్చుండదు, కాగితం మీదైతే పేజీకి ఐదు సెంట్లు. 2024లో ఈ చట్టాన్ని సవరించి కాస్త పళ్లు పీకారు. రికార్డు ఇవ్వనందుకు కోర్టుకెళ్లి గెలిచినా లాయరు ఫీజు తప్పకుండా వస్తుందన్న భరోసా పోయింది. అయినా సామాన్యుడి చేతిలో ఇప్పటికీ పనికొచ్చే ఆయుధమే.

అడిగే పద్ధతి ఒకటుంది. "బేసిన్ ఎందుకు శుభ్రం చేయలేదు" అని అడిగితే జవాబు రాదు. అది ప్రశ్న, రికార్డు కాదు. "ఫలానా బ్లాక్, ఫలానా లాట్‌లోని బేసిన్‌కి 2018 నుంచి 2021 వరకు చేసిన తనిఖీ రిపోర్టుల కాపీలు" అని అడగాలి. ఆరో రోజున నాకు నాలుగు పేజీలు వచ్చాయి. 2018, 2019 రిపోర్టులున్నాయి. తర్వాత రెండేళ్లవి లేవు.

ఆ నాలుగు పేజీలు పట్టుకుని కౌన్సిల్ మీటింగ్‌కి వెళ్లాను. సోమవారం సాయంత్రం ఏడింటికి. ముందు జెండా వందనం. తర్వాత 1975 నాటి ఓపెన్ పబ్లిక్ మీటింగ్స్ యాక్ట్ ప్రకారం 48 గంటల ముందు నోటీసు ఇచ్చామని చదివారు. ఆ తర్వాత ఓ పది పదిహేను తీర్మానాలు 'కన్సెంట్ ఎజెండా' పేరుతో ఒక్క ఓటుతో గుటుక్కున మింగేశారు. చివర్లో పబ్లిక్‌కి మైకు. మనిషికి మూడు నిమిషాలు, టేబుల్ మీద పచ్చ, పసుపు, ఎరుపు దీపాలు. మోకాళ్లు వణికాయి. ఇంగ్లీషు అంతా ఒక్కసారిగా మర్చిపోయాను. పసుపు దీపం వెలిగేసరికి ఇంకా నా చిరునామా దగ్గరే ఉన్నాను. అంతా విని "థాంక్యూ ఫర్ యువర్ కామెంట్" అన్నారు. వాళ్లు అక్కడికక్కడే జవాబివ్వాలన్న నియమం లేదు.

రెండోసారి కాగితంలో రాసుకుని వెళ్లాను. రెండేళ్లు రిపోర్టులు లేవు, అవి ఎక్కడున్నాయి అని అదొక్కటే అడిగాను. మూడోసారి మా వీధి నుంచి నలుగురం వెళ్లాం, నాలుగు మూళ్లు పన్నెండు నిమిషాలు. ఇద్దరం తెలుగువాళ్లం, ఒక గుజరాతీ, ఇంకొకాయన ఆ ఊళ్లోనే పుట్టి పెరిగినవాడు. ఆ రోజు టౌన్‌షిప్ ఇంజినీరు లేచి తేదీ చెప్పాడు. బేసిన్ పూడిక తీశారు. గోడౌను మాత్రం అక్కడే ఉంది, ఉంటుంది.

హెచ్‌1బి వాళ్లు ఈ ఉత్సాహంలో చేయకూడనివి రెండున్నాయి. ఎంవీసీ ఆఫీసులో (మన ఆర్టీఓ లాంటిది) డ్రైవింగ్ లైసెన్సు పని మీద వెళ్లినప్పుడు ఓటరు నమోదు కూడా దాంతోపాటే జరిగే పద్ధతి ఇక్కడ 2018 నుంచి ఉంది. వద్దని చెప్పి, సంతకం పెట్టేముందు ప్రతి గడీ చదవండి. పౌరుడినని పొరపాటున టిక్కు పెట్టినా తర్వాత గ్రీన్‌కార్డుకు, సిటిజన్‌షిప్‌కు ఎసరు వస్తుంది, దేశం దాటించే దాకా కూడా పోవచ్చు. రెండోది, ఎన్నికల చందా. ఏ స్థాయి ఎన్నికైనా సరే, గ్రీన్‌కార్డు లేని విదేశీయులు అభ్యర్థికి డబ్బు ఇవ్వకూడదు. ఫండ్‌రైజర్ డిన్నర్ టికెట్టూ చందానే. జీతం తీసుకోకుండా కరపత్రాలు పంచితే తప్పులేదు.

ఉగాది వేడుకకు కుర్తా వేసుకుని బొట్టు పెట్టించుకుని నమస్తే చెప్పే అభ్యర్థులు మీ ఊళ్లోనూ వస్తారు. సెల్ఫీ దిగండి, తప్పేం లేదు. ఆపైన ఫలానా ఆర్డినెన్స్‌కి (ఊరి కౌన్సిల్ చేసే చట్టానికి) మీరెటు ఓటేశారు అని ఒక్క ముక్క అడగండి. ఆర్డినెన్స్‌ని ఒక మీటింగ్‌లో ప్రవేశపెట్టి, ఇంకో మీటింగ్‌లో పబ్లిక్ హియరింగ్ పెట్టి ఆమోదిస్తారు. మన మాట చెల్లేది ఆ రెంటి మధ్యలోనే. మన తెలుగు సంఘాల ఎన్నికలకు వాట్సాప్‌లో కత్తులు దూసేవాళ్లలో సిటిజన్‌షిప్ వచ్చి పదేళ్లయినవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లలో సగంమందికి తమ స్కూల్ బోర్డు సభ్యుల పేర్లు తెలియవు. రాష్ట్రం మొత్తం మీద చూస్తే ఇంటి పన్నులో సగానికి పైగా పోయేది స్కూళ్లకే.

పన్ను అంటే గుర్తొచ్చింది. ఏటా చలికాలంలో మీ ఇంటి విలువ ఎంత కట్టారో చెప్పే పోస్టుకార్డు ఒకటి వస్తుంది. అదీ కూపన్లలో కలిపేయకండి. విలువ ఎక్కువ వేశారనిపిస్తే కౌంటీ బోర్డుకు అప్పీలు చేసుకోవచ్చు. చాలా కౌంటీల్లో గడువు మామూలుగా ఏప్రిల్ 1, మాన్‌మత్ కౌంటీ లాంటి చోట్ల జనవరి 15. ఒక ఏడాది నేను ఏప్రిల్ 3న వెళ్లాను. కౌంటర్లో అమ్మాయి చాలా మర్యాదగా నవ్వి, వచ్చే ఏడాది ఫారం చేతికిచ్చింది.