గోడ అతుకులు రుద్దుతుంటే దగ్గు... ఏం చేయాలి?

ప్రశ్న: నా వయసు 41. న్యూజెర్సీలో 1968లో కట్టిన ఇల్లు కొన్నాం. బేస్‌మెంట్‌లో నేనే డ్రైవాల్ షీట్లు (గోడకు కొట్టే జిప్సం పలకలు) బిగించి, అతుకులు కనిపించకుండా మడ్ (అతుకులు పూడ్చే ముద్ద) పూసి సాండ్‌పేపర్‌తో రుద్దుతున్నాను. మూడు రోజులుగా పొడి దగ్గు. రాత్రిళ్లు ఛాతీ పట్టేస్తోంది. చిన్నప్పుడు ఆస్తమా ఉండేది. ఇంట్లో నాలుగేళ్ల పాప ఉంది. సిలికోసిస్ (సిలికా దుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు) వస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది.

సమాధానం: ముందు ఆ రుద్దడం ఆపండి. సిలికోసిస్ సాధారణంగా ఏళ్ల తరబడి సిలికా దుమ్ము పీల్చేవారికి వస్తుంది. మూడు రోజుల పనికి ఆ భయం అక్కర్లేదు. నా అనుమానమల్లా మీ పాత ఆస్తమా మీదే. తగ్గిపోయిందనుకున్నది దుమ్ము తగిలితే తిరగబెట్టవచ్చు. ఈ వారంలోనే డాక్టర్‌ను కలిసి స్పైరోమెట్రీ (ఊపిరితిత్తుల పనితీరును కొలిచే ఊదుడు పరీక్ష) చేయించుకోండి. ఇంకొకరి ఇన్‌హేలర్ వాడొద్దు. మాట్లాడటానికే ఊపిరి అందకపోయినా, పెదవులు నీలంగా మారినా వెంటనే 911కి ఫోన్ చేయండి.

మీరు అడగలేదు గానీ, మీ ఇంటి వయసు నన్ను ఎక్కువ కలవరపెడుతోంది. గోడల అతుకులకు పూసే మిశ్రమాల్లో ఆస్‌బెస్టాస్ (పీలిస్తే ఊపిరితిత్తులకు హాని చేసే ఖనిజ నార) వాడకాన్ని అమెరికా 1977లో నిషేధించింది. ఇళ్ల రంగుల్లో సీసాన్ని 1978లో ఆపేసింది. మీ ఇల్లు అంతకుముందుది, కాబట్టి పాత గోడల్లో ఇవి ఉండొచ్చు. కొత్త షీట్లతో పాటు పాత గోడనూ గీకారా? అలాగైతే ఆ పొడిని ఊడవకండి, గది మూసేసి ల్యాబ్ పరీక్ష చేయించండి. పాపకు రక్తంలో సీసం పరీక్ష కూడా అడగండి.

ఇక మిగిలిన పని. గోడ నునుపుదనం రుద్దడంలో కన్నా పూయడంలోనే ఎక్కువగా ఉంది. మందంగా ఒకేసారి కాకుండా పల్చగా మూడు పూతలు వేయండి. 6, 10, 12 అంగుళాల నైఫ్‌లతో (మడ్ పూసే వెడల్పాటి రేకులు) ఒక్కో పూతనూ ముందుదానికన్నా వెడల్పుగా లాగండి. మధ్యలో బాగా ఆరనివ్వాలి, సుమారు ఒక రోజు పడుతుంది. గట్లు లేస్తే నైఫ్‌తోనే గీకేయండి. చివర్లో తడి స్పాంజితో తుడిస్తే దుమ్ము దాదాపు లేవదు. పొడిగా రుద్దక తప్పకపోతే వ్యాక్యూమ్ బిగించిన సాండర్ (రుద్దే సాధనం) వాడండి. అమెరికా ప్రభుత్వ సంస్థ నియోష్ పరీక్షల్లో ఇలాంటివి గాల్లో దుమ్మును 80 నుంచి 97 శాతం దాకా తగ్గించాయి. ఎన్95 మాస్క్ కూడా ఉండాలి. గడ్డం ఉంటే అది ముఖానికి సరిగ్గా అతకదు. బేస్‌మెంట్‌లోని ఏసీ వెంట్లు మూసేయండి, లేదంటే ఆ పొడి పాప పడుకునే గదిదాకా వెళ్తుంది. బట్టలు మార్చుకున్నాకే పాపను ఎత్తుకోండి.

డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు దగ్గు సంగతి ఒక్కటే కాదు, ఈ గోడ పని గురించి, ఇల్లు కట్టిన సంవత్సరం గురించి కూడా చెప్పండి.