గోడలో దిగిన కొస

బిడ్డా,

పాత ఇండ్ల దూలాలను పుచ్చబెట్టే శిలీంధ్రాలను డీఎన్ఏతో గుర్తుపట్టే పని నువ్వు చేపట్టావని, ఈ వానాకాలం దేవరకొండ దిక్కు పోతున్నావని మీ నాయన ఫోన్‌లో చెప్పాడు. ఆ రాత్రి సంతోషంతోనూ, భయంతోనూ నిద్ర పట్టలేదు.

ల్యాబ్ పని నాకంటే నీకే బాగా తెలుసు. ప్రతి సంచి మీద ఇల్లు, తేదీ, దూలంలో ఏ చోటో రాయి. చెక్క వేయని ఖాళీ ట్యూబును ప్రతిసారీ కలిపి నడుపు. అందులోనూ బ్యాండ్ (డీఎన్ఏ ఉందని చూపే గీత) వస్తే ఆ విడత ఫలితాలు నమ్మకు. టేకులోని పదార్థాలు పీసీఆర్‌కు, అంటే డీఎన్ఏకు నకళ్లు తీసే పనికి, అడ్డం పడతాయి, డీఎన్ఏను పది రెట్లు పలచన చేసి చూడు. మాస్కు మరవకు.

నా బాధంతా నమూనా ఎక్కడ తీస్తావన్న దాని గురించే.

1983 వానాకాలం. నల్లగొండలో కొత్తగా బాటనీ చెబుతున్నాను. ఒక పెంకుటింటి వాళ్లు పిలిస్తే మీ తాతను వెంటబెట్టుకొని పోయాను. నడిమింటి దూలం మీద పచ్చటి బూజు. స్టూలెక్కి దాన్ని గీకి తెచ్చి పెట్రీ డిష్‌లో పెంచితే ట్రైకోడెర్మా అనే శిలీంధ్రం వచ్చింది. మైక్రోస్కోపులో చూసి పొంగిపోయాను. తాత మాత్రం ఆ రోజే సుత్తెతో దూలం పొడుగునా కొట్టుకుంటూ పోయి, పడమటి గోడలో దిగిన కొస దగ్గర ఆగాడు. 'ఈడ మోత మొద్దుగా వస్తోందిరా' అన్నాడు. నేను పట్టించుకోలేదు. 'పైబూజే, తుడిచి సున్నం వేయండి' అని ఇంటివాళ్లకు చెప్పి వచ్చేశాను. వాళ్లు నా మాట నమ్మారు.

భాద్రపదం ముసురులో ఒక రాత్రి ఆ కొస విరిగింది. కింద మంచంలో ఆ ఇంటి ముసలమ్మ పడుకుని ఉంది. భుజం ఎముక విరిగింది. బతికింది గానీ, ఆ చేత్తో మళ్లీ బిందె ఎత్తలేదు. తెల్లారి తాత గోడ తవ్వి, లోపలి చెక్కను నా అరచేతిలో పెట్టాడు. గోధుమరంగులో, పాచికల్లా పగిలి, వేళ్ల మధ్య పొడి అయింది. పగిలిన పెంకు నుంచి కారిన నీళ్లు ఏళ్ల తరబడి ఆ కొసను నానబెట్టాయి. ఈ గోధుమరంగు కుళ్లు చెక్కకు బలమిచ్చే సెల్యులోజును తినేస్తుంది. చెక్క బరువు పెద్దగా తగ్గకముందే బలం పోతుంది. నేను పేరు పెట్టిన బూజు తడి మీద బతికే పైపై జీవి, దూలాన్ని కూల్చేంత శక్తి దానికి లేదు. తాత నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

డీఎన్ఏ ఉంది కాబట్టి నీకు అలా జరగదనుకోకు. ట్యూబులో ఏది పడితే దాని పేరే వస్తుంది. దూలాన్ని తొలిచేటప్పుడు పైపొర రజను పారేసి లోపలి రజను పట్టు. పీసీఆర్‌లో ఏ డీఎన్ఏకు నకలు తీయాలో ఎంచే ప్రైమర్లలో, ఐటీఎస్1ఎఫ్‌కు ఐటీఎస్4బి జత చేస్తే ట్రైకోడెర్మాలాంటి బూజులు చాలావరకు పక్కకు పోయి, దూలం తినే బసిడియోమైసిట్ల వర్గం శిలీంధ్రాలు బయటపడతాయి. కానీ చెక్కను మెత్తబరిచే మెత్తకుళ్లు తెచ్చేవి ఎక్కువగా ట్రైకోడెర్మా వర్గమైన ఆస్కోమైసిట్లే, వాటి కోసం మామూలు ఐటీఎస్4 కూడా నడుపు. జెన్‌బ్యాంక్ అనే డీఎన్ఏ భండారంలో తప్పు పేర్లున్న వరుసలున్నాయి, శిలీంధ్రాల భండారమైన యునైట్‌తో సరిచూసుకో. యూరప్ ఇండ్లను తినే సెర్పులా లాక్రిమాన్స్ శిలీంధ్రం మన పాలమూరు దూలంలో దొరికిందని వస్తే సంబరపడకు. అది చల్లదనంలో బతికేది, 30 డిగ్రీలు దాటితే ఎదగదు. ముందు నీ ట్యూబులనే అనుమానించు.

ఇంకో మాట. శిలీంధ్రం చచ్చినా దాని డీఎన్ఏ చెక్కలో మిగలొచ్చు. అందుకే తేమ కొలిచి రాసుకో. 20 శాతం లోపుంటే కుళ్లు సాగదు.

ఏ ఇంట్లోనైనా అడుగుపెట్టగానే ముందు గోడలో దిగిన కొసలన్నీ కొట్టి చూడు. మోత మారితే సీక్వెన్సు (డీఎన్ఏ వరుస) వచ్చేదాకా ఆగకు. అప్పుడే మంచాలు జరిపించి, దూలం కింద గుంజ పెట్టించు. పేరు పది రోజుల తర్వాత వచ్చినా ఫరవాలేదు బిడ్డా.

తాత వాడిన బర్మా, చేత్తో తిప్పి చెక్కను తొలిచే పనిముట్టు, పంపుతున్నాను. కరెంటు డ్రిల్ వేగానికి చెక్క కాలుతుంది, ఇది నెమ్మదిగా పోతుంది. మొన కొత్తది, పిడి ఆయనదే. ఒక్కో నమూనా తర్వాత మొనను బ్లీచ్‌తో కడుగు, స్పిరిట్ ఒక్కటే డీఎన్ఏను పోగొట్టదు. కింద ఎవరైనా నిచ్చెన పట్టుకుంటేనే ఎక్కు. ఎవరూ దొరకకపోతే నాకు ఫోన్ చెయ్యి, పొద్దున బస్సుకే వస్తాను.

మీ పెద్దనాయన