ఓడలో పెళ్ళి: ప్రయాణం చేయని బంధువులకు భోజనం ఎక్కడ పెట్టాలి?

అమెరికాలోని టెక్సాస్ తీరాన ఉన్న గాల్వెస్టన్ రేవు నుంచి సాయంత్రం 4 గంటలకు బయలుదేరే క్రూయిజ్ (విహారయాత్ర) ఓడలో, అది కదలకముందే మీ అమ్మాయి పెళ్ళి పెట్టుకున్నామనీ, పెళ్ళి చూసి దిగిపోయే 35 మందికి ఓడలో ఇచ్చే కేకు, చిరుతిళ్ళు సరిపోతాయా లేక విడిగా భోజనం ఏర్పాటు చేయాలా అనీ అడిగారు. విడిగానే పెట్టండి. అది కూడా పెళ్ళికి ముందే, ఒడ్డునే పెట్టండి. మూడేళ్ళ క్రితం మా తమ్ముడి కూతురి పెళ్ళి ఇదే రేవులో, ఇదే పద్ధతిలో జరిగింది. ఆ రోజు మేము చేసిన పొరపాటు మీ ఇంట జరగకూడదని ఇంత వివరంగా రాస్తున్నాను.

ఆ పెళ్ళి ఫిబ్రవరిలో జరిగింది. 10:30కి టెర్మినల్‌కు, అంటే రేవులో ఓడ ఎక్కే భవనానికి, చేరుకోవడం, 12 గంటలకు పెళ్ళి, ఆ తరువాత గంటసేపు చిన్న విందు, 2 గంటలకల్లా ప్రయాణం లేనివారంతా దిగిపోవడం, దిగిన తరువాత హ్యూస్టన్ తిరిగి వెళ్ళే దారిలో భోజనం అని లెక్క వేసుకున్నాము. చలికాలంలో ఆ తీరాన వెచ్చని తేమగాలి చల్లటి నీటి మీదికి వచ్చి పొగమంచు కమ్ముకుంటుందనీ, అది దట్టమైతే ఓడలను రేవులోకి నడిపించే పైలట్లు ఆ పని ఆపేస్తారనీ మాలో ఒక్కరికీ తోచలేదు. తెల్లవారుజామున రావలసిన ఓడ మధ్యాహ్నం దాకా సముద్రంలోనే ఆగిపోయింది. మేమందరం పట్టుబట్టలతో టెర్మినల్ దగ్గర నిలబడిపోయాము.

మా పెద్దత్తయ్యగారికి 76 ఏళ్ళు, చాలాకాలంగా మధుమేహం ఉంది. ఉదయం 7 గంటలకు మాత్ర వేసుకుని, రెండు ఇడ్లీలు తిని బయలుదేరారు. ఆడపెళ్ళివారిని ఇబ్బంది పెట్టకూడదని ఆకలి మాట ఎవరితోనూ అనలేదు. ఒంటిగంట దాటిన తరువాత, పాస్‌పోర్టు పట్టుకున్న ఆమె వేళ్ళు వణకడం నా కంటపడింది. నుదుటి చెమటకు కుంకుమ బొట్టు కిందికి కారుతోంది. ఎవరి పిల్లవాడి సంచిలోనో దొరికిన ఆపిల్ రసం తాగిస్తే పావుగంటకు గానీ తేరుకోలేదు. చివరికి 20 నిమిషాల్లో పెళ్ళి ముగించి, విందు రద్దుచేసి, మమ్మల్ని దించేశారు. ఇందులో ఓడవారిని తప్పుపట్టలేము. బయలుదేరడానికి గంట ముందే ప్రయాణికుల జాబితా ప్రభుత్వానికి అందాలి కాబట్టి పోయిన సమయాన్ని వారు ఎక్కడో ఒకచోట పూడ్చుకోవాలి. ముందుగా కోత పడేది దిగిపోయేవారి విందుకే.

నిరుడు మే నెలలో మా ఆడపడుచు కొడుకు పెళ్ళి కూడా ఇలాగే ఓడలో జరిగినప్పుడు, మేము పాత పద్ధతిలో విడిది ఏర్పాటు చేశాము. రేవుకు దగ్గరలో ఒక హోటల్లో చిన్న హాలు ఉదయం 8:30 నుంచి 11 వరకు తీసుకున్నాము. అద్దె మాట్లాడుకునే ముందే బయటి వంట తెచ్చుకోనిస్తారో లేదో అడగండి, చాలాచోట్ల ఒప్పుకోరు. మేము హ్యూస్టన్‌లోని కేటరర్ చేత పెసరట్టు ఉప్మా, పులిహోర, గారెలు, కొబ్బరి పచ్చడి, దద్దోజనం, బొబ్బట్లు చేయించాము. సాంబారు, పులుసు కావాలనే మానేశాము, పట్టుచీర మీద ఒక్క చుక్క పడితే ఆ మనిషి మనసు రోజంతా ఆ మరక మీదే ఉంటుంది. ఆ ఊళ్ళో మే నుంచే ఎండ ముదురుతుంది. ఫారెన్‌హీట్ 90 డిగ్రీలు దాటితే వండిన పదార్థాన్ని గంటకు మించి బయట ఉంచవద్దని అమెరికా వ్యవసాయ శాఖ చెబుతుంది కాబట్టి దద్దోజనాన్ని వడ్డించేదాకా ఐస్ పెట్టెలోనే ఉంచాము.

ఇంటి వంట ఓడలోకి తీసుకువెళ్ళవచ్చని మాత్రం అనుకోకండి, భద్రతా తనిఖీ దగ్గరే తీసేసుకుంటారు. ఎక్కిన తరువాత ఓడలోని బఫేలో తినవచ్చనీ అనుకోకండి. రెండుసార్లూ మా అతిథులను పెళ్ళి జరిగే హాలుకు తీసుకువెళ్ళి, అక్కడి నుంచే వెనక్కి పంపారు. అందుకే కేటరర్ చేత మనిషికొక పొట్లం, అంటే వేయించిన జీడిపప్పు, కారప్పూస, రెండు సున్నుండలు, కట్టించి, నీళ్ళ సీసాలతో సహా అద్దె బస్సులో ఉంచాము. దిగిరాగానే అందరూ అవి తింటూ ఇంటిదారి పట్టారు. బస్సు ఉండడం వల్ల రేవు దగ్గర కార్లు నిలపడానికి చోటు వెతుక్కునే బాధ కూడా తప్పింది.

ఓడవారికి ఇవ్వడానికి అతిథుల పేర్లు, పుట్టిన తేదీలు మీరు వారాల ముందే సేకరిస్తారు కదా, అప్పుడే ఎవరు ఏమి తినరో, ఎవరు ఏ వేళకు మందు వేసుకోవాలో కూడా అడిగి రాసుకోండి. ఓడలో ఇచ్చే చిరుతిళ్ళలో మాంసం లేనివి ఏవో రాతపూర్వకంగా తెప్పించుకోండి. మా తమ్ముడి కూతురి పెళ్ళికి ముందు ఓడవారు పంపిన జాబితాలో సగం చేపవే.

పెళ్ళికూతురు, పెళ్ళికొడుకు, వారి తల్లిదండ్రులు ఆ ఉదయం తొందరగా చెక్-ఇన్ చేసి ఓడ ఎక్కేయాలి కాబట్టి విడిదిలో ఉండలేరు. అందువల్ల పెద్దరికం ఉన్న దంపతులను ఒకరిని ముందే అనుకుని, వారికి ఆ పని అప్పగించండి. వారు గుమ్మంలో నిలబడి పిలవాలి, పక్కన నిలబడి కొసరి వడ్డించాలి, ఆఖరి మనిషి చేయి కడుక్కున్నాకే బస్సు కదిలించాలి.