మీరు అడిగారు: నీడ అంచు ఎక్కడుంది?

ప్రశ్న: సార్, నమస్తే. పరకాల దగ్గర ఒక హైస్కూల్లో ఫిజిక్స్ చెప్తాను. పోయినేడు పిల్లలతో జైపూర్ సామ్రాట్ యంత్రం తరహాలో చిన్న నీడ గడియారం చేయించాను. నడుమ ఏటవాలు గోడ, రెండు పక్కలా వంపు పట్టీలు. గోడ అంచుకు పట్టీ 30 సెంటీమీటర్ల దూరంలో ఉండేది. నీడ అంచు మసకగా పడి నిమిషాలు తెలియలేదు. పెద్దగా కడితే తెలుస్తాయని ఈసారి 90 సెంటీమీటర్లకు పెంచాం. మసక కూడా మూడింతలైంది! "టీచర్, టైమ్ ఈ గీత దగ్గరా, ఆ గీత దగ్గరా?" అని పిల్లలు అడుగుతుంటే టెన్షన్‌గా ఉంది. తప్పు ఎక్కడ జరిగింది?

జవాబు: టీచరమ్మా, మీ మేస్త్రీ పనిలో తప్పేం లేదు. సూర్యుడు మనకు చుక్కలా కాక పళ్ళెంలా కనిపిస్తాడు కాబట్టి వచ్చిన చిక్కు ఇది. ఆ పళ్ళెం వెడల్పు సుమారు అర డిగ్రీ.

మీ పట్టీ మీద నీడలోంచి ఎండలోకి పాకే చీమను ఊహించుకోండి. దానికి ముందు సూర్యుడిలో ఒక బద్ద కనిపిస్తుంది, తర్వాత సగం, చివరికి మొత్తం. ఆ బద్దకూ మొత్తానికీ మధ్య నడిచిన దూరమే మసక. గ్రహణాల పాఠంలో ఉపచ్ఛాయ అని చెప్తాం కదా, అదే. అంచు నుంచి నీడ పడే చోటికి ఎంత దూరమో దాన్ని 108తో భాగిస్తే మసక వెడల్పు వస్తుంది. 30 సెంటీమీటర్లకు దాదాపు 3 మిల్లీమీటర్లు, 90కి 8 పైన. ఖిలా వరంగల్ తోరణాల దగ్గరికి పిల్లల్ని తీసుకెళ్ళండి. స్తంభం మొదట్లో నీడ కత్తితో గీసినట్టుంటుంది, పై దూలం నీడ అంచు చెదిరిపోయి ఉంటుంది.

ఇక టైమ్ లెక్క. సూర్యుడు ఒక డిగ్రీ జరగడానికి 4 నిమిషాలు పడుతుంది. అర డిగ్రీకి 2 నిమిషాలు. చిన్న గడియారంలోనూ పెద్ద గడియారంలోనూ మసక అంటే ఆ రెండు నిమిషాలే. పెద్దదాంట్లో నీడ వేగంగా జరుగుతుంది, మసక కూడా అంతే వెడల్పవుతుంది. జైపూర్‌లో సవాయ్ జైసింగ్ 18వ శతాబ్దంలో కట్టించిన సామ్రాట్ యంత్రం 27 మీటర్ల ఎత్తు. నీడ సెకనుకు ఒక మిల్లీమీటరు పరుగెత్తుతుంది. అక్కడా ఈ మసక తప్పలేదు.

ముప్పై ఏళ్ళ కింద మా బడిలో నేనూ ఇలాంటిదే కట్టాను. పొద్దున నిమిషం ముందుండేది, మధ్యాహ్నం తర్వాత నిమిషం వెనక. గోడ కాస్త వంకర పడిందేమో అనుకుని రెండు నెలలు దాన్నే సరిచేస్తూ కూర్చున్నాను. అసలు కారణం కంట్లో ఉంది. మసకలో ముదురు భాగాన్నే మన కన్ను నీడ అనుకుంటుంది. అంటే నీడను అసలుకంటే పొట్టిగా చదువుతాం. పొద్దున నీడ గోడ వైపు తగ్గుతూ వస్తుంది కాబట్టి పొట్టిగా చదివితే టైమ్ ముందుకు పోతుంది. మధ్యాహ్నం తర్వాత పెరుగుతుంది కాబట్టి వెనక్కి పోతుంది. గోడను ఎటు తిప్పినా రెండు పూటలూ కలిసి సరికావు. ఇది తెలిసిన రోజు నాకు ఇంట్లో అన్నం కూడా గుర్తు రాలేదు.

కట్టింది కూల్చకండి. ఒక చీపురుపుల్ల తీసుకుని పట్టీకి ఆనించినట్టుగా, మసకలో పట్టుకోండి. దగ్గరగా ఉంటుంది కాబట్టి పుల్ల నీడ సన్నగా, స్పష్టంగా పడుతుంది. మెల్లగా నీడ వైపు జరపండి. పుల్ల నీడ ఎక్కడ మాయమైతే అక్కడ నిండు నీడ మొదలు. ఎవరు చూసినా దాదాపు అదే చోటు దొరుకుతుంది. అది సూర్యుడి నడిమధ్య చెప్పే టైమ్‌కు ఒక నిమిషం తేడా, అంటే మీ పట్టీ మీద 4 మిల్లీమీటర్లు. కాబట్టి రెండు పక్కలా గీతలన్నీ గోడ వైపు 4 మిల్లీమీటర్లు జరిపి మళ్ళీ గీయండి.

మళ్ళీ కడితే మాత్రం గోడ వద్దు. 2 సెంటీమీటర్ల మందం ఉన్న పైపును, మన దగ్గర కాబట్టి నేలకు 18 డిగ్రీల వాలులో, ఉత్తరం వైపు ఎత్తుగా నిలపండి. పైపు నీడకు రెండు వైపులా ఒకే వెడల్పు మసక ఉంటుంది, నడుమ ముదురు చార. అంచుతో పని లేదు, నడుమ చదివితే చాలు. 90 సెంటీమీటర్ల దూరానికి 8 మిల్లీమీటర్ల కంటే సన్నని పైపు వాడకండి, ఆ ముదురు చార పోయి నీడ పలచబడుతుంది. గంటకు ఒక గీత బదులు 3 సెంటీమీటర్ల ఎడంతో జంట గీతలు గీస్తే ఇంకా మంచిది. నీడ వాటి నడుమ సమంగా కూర్చుందో లేదో నాలుగో తరగతి పిల్లవాడు కూడా చెప్పగలడు.

చేతి గడియారంతో పోల్చేటప్పుడు ఇంకొకటి. మన టైమ్ 82.5 డిగ్రీల రేఖాంశానిది, వరంగల్ 79.6 దగ్గరుంది. అందుకే నీడ చెప్పే టైమ్‌కు ఏడాదంతా సుమారు 12 నిమిషాలు కలపాలి. దానిపైన ఫిబ్రవరిలో మరో 14 కలపాలి, నవంబరు మొదట్లో 16 తీసేయాలి.

చీపురుపుల్లతో పొద్దున 9కి, మధ్యాహ్నం 3కి పిల్లలు తీసిన కొలతలు నాకు రాసి పంపండి. రెండు పూటల తేడా ఎంత వచ్చిందో చూడాలని ఉంది.