బంపర్‌కు గీతే పడింది, మెడ ఎందుకు పట్టేసింది?

ప్రశ్న: హనుమకొండలో సిగ్నల్ దగ్గర ఆగి ఉంటే వెనక కారు మెల్లగా వచ్చి తగిలింది. బంపర్ మీద గీతలే. పోనీలే అనుకుని ఎవరి దారిన వాళ్లం పోయాం. తెల్లారి మంచం మీంచి లేవబోతే మెడ పట్టేసింది. తల వెనక నుంచి భుజాల దాకా ఒకటే గుంజుడు. ఎక్స్‌రేలో ఏం లేదన్నారు. 'అంత చిన్న దెబ్బకేనా' అంటున్నారు ఇంట్లో. ఒకరు మెడపట్టీ వేసుకోమంటే, ఇంకొకరు మాలిష్ చేయించుకోమంటున్నారు. నా వయసు 38.
– ఒక పాఠకుడు, నయీంనగర్

జవాబు: పట్టీ వద్దు, గట్టి మాలిష్ అసలే వద్దు. ఇంట్లోవాళ్ల అనుమానం మాత్రం అందరికీ వచ్చేదే. కారుకు ఏమీ కాలేదు కాబట్టి మనిషికీ ఏమీ కాదనుకుంటాం. ఆగి ఉన్న కారును వెనకనుంచి కొడితే సీటు మీ వీపును ముందుకు తోస్తుంది, తల మాత్రం ఉన్నచోటే ఉండిపోతుంది. సెకనులో పదో వంతు సమయంలో మెడ ఇంగ్లిష్ 'ఎస్' అక్షరంలా మెలికపడుతుంది. కింది పూసలు వెనక్కి వంగితే పై పూసలు ముందుకు వంగుతాయి. కండరాలు బిగుసుకుని కాచుకునేలోపే పని అయిపోతుంది. పూసల వెనకుండే చిన్న కీళ్లు నలుగుతాయి, వాటి చుట్టూ ఉండే పొరలు సాగుతాయి. రేకు సొట్టపడితే దెబ్బలో కొంత అదే తిన్నట్టు. బంపర్ వంగకుండా తిరిగి యథాస్థితికి వచ్చిందంటే ఆ తోపు రేకులో ఖర్చు కాకుండా సీటు దాకా చేరుతుంది.

వాపు, బిగుతు కొన్ని గంటల తర్వాత మొదలవుతాయి కాబట్టి తెల్లారి నొప్పి రావడం వింతేమీ కాదు. ఒక్కోసారి రెండు రోజులు కూడా పడుతుంది. ఎక్స్‌రే ఎముకలనే చూపిస్తుంది, సాగిన కండరం, ఎముకలను కలిపి పట్టి ఉంచే లిగమెంట్ అందులో కనబడవు. రిపోర్టులో 'మెడ వంపు తగ్గింది' అని రాసినా కంగారు పడకండి. కండరాలు బిగిస్తే అలా కనిపిస్తుంది, ఏ నొప్పీ లేనివాళ్లకూ ఉంటుంది.

ముందు ఇవి చూసుకోండి: చేతుల్లో తిమ్మిరి, పట్టు తప్పడం, నడక తూలడం, మూత్రం పట్టు తప్పడం, తగ్గని తలనొప్పితో వాంతులు, మెడ మధ్యలో ఎముక మీద వేలు పెడితే ప్రాణం పోయేంత నొప్పి. వీటిలో ఒక్కటున్నా కదిలించి చూడకుండా ఆస్పత్రికి వెళ్లండి. ఏవీ లేకపోతే కుర్చీలో కూర్చుని తల తిప్పి చూడండి. ముక్కు 12 గంటల దగ్గర ఉందనుకోండి, కుడివైపు ఒకటిన్నర దాకా, ఎడమవైపు పదిన్నర దాకా తిరగాలి. అంతకూడా తిరగకపోతే మళ్లీ డాక్టరుకు చూపించండి, సీటీ స్కాన్ అవసరమవుతుందేమో ఆయన తేలుస్తారు. కొన్ని పగుళ్లు ఎక్స్‌రేకు దొరకవు. 65 దాటినవాళ్లు, రక్తం పలుచబడే మందులు వాడేవాళ్లు ఈ పరీక్షలేవీ ఇంట్లో పెట్టుకోకుండా నేరుగా వెళ్లాలి.

మొదటి రెండు రోజులు ఐసు ముక్కలు గుడ్డలో చుట్టి 10 నుంచి 15 నిమిషాలు, రోజుకు మూడు నాలుగుసార్లు పెట్టండి. తర్వాత వేడి కాపడం హాయిగా ఉంటే అదే పెట్టుకోండి. పారాసిటమాల్ 650 వేసుకోవచ్చు, మాత్రకూ మాత్రకూ ఆరు గంటల ఎడం ఉంచి, రోజుకు నాలుగు మించకుండా. కాలేయం జబ్బున్నవాళ్లు డాక్టరును అడిగాకే. ఇక్కడ చాలామంది తప్పు చేస్తారు: మెడికల్ షాపులో ఇచ్చే నొప్పి మాత్రల్లో చాలావాటిలో పారాసిటమాల్ కలిసే ఉంటుంది. అట్ట వెనక చదివి, రెండూ కలిపి మింగకుండా చూసుకోండి.

పట్టీ వేస్తే కండరం పని మానేస్తుంది, మెడ ఇంకా బిగుసుకుంటుంది. కదలికే మందు. మెలకువగా ఉన్నంతసేపు రెండు గంటలకోసారి తలను నెమ్మదిగా ఒక పక్కకు తిప్పి, సాగుడు మొదలైన చోట మూడు సెకన్లు ఆపండి. ఒక్కో పక్కకు ఐదుసార్లు చాలు. తర్వాత గడ్డాన్ని వెనక్కి లాక్కోండి, ఎవరో వేలితో మెల్లగా నెట్టినట్టు. తల వంచకూడదు. ఐదు సెకన్ల చొప్పున ఐదుసార్లు. చేశాక కాస్త సలిపి అరగంటలో తగ్గితే భయం లేదు. నొప్పి చేతిలోకి దిగితే ఆపేయండి. చాలామందికి కొన్ని వారాల్లో తగ్గుముఖం పడుతుంది, కొందరికి నెలలు పడుతుంది. తల తిప్పి పక్కన వచ్చే బండిని చూడగలిగేదాకా స్టీరింగ్ పట్టొద్దు.

ప్రశ్న: ఇలాంటి దెబ్బకే కటింగ్ షాపులో మెడ మెటికలు విరిపించుకున్నాను. రెండు రోజులు హాయిగా అనిపించింది, మళ్లీ వెళ్లనా?
– కాజీపేట

జవాబు: వెళ్లొద్దు. ఆ 'టక్' చప్పుడుతో బిగుతు కాసేపు తగ్గుతుంది, కానీ సాగిన లిగమెంట్లను మళ్లీ సాగదీస్తున్నారు. అసలు భయం వేరు. పూసల్లోంచి మెదడుకు వెళ్లే రక్తనాళాలు మెడ విసురుకు లోపల చిరిగి, గడ్డకట్టి పక్షవాతం తేవచ్చు. అరుదే, కానీ తలకు నూనె పెట్టించుకుంటూ మెటికలు కూడా విరిపించుకోవాల్సినంత అవసరం ఎవరికీ లేదు. మెడలో ఒక పక్కే ఎన్నడూ లేని నొప్పి, మాట ముద్దగా రావడం, రెప్ప వాలడం, తూలడం కనిపిస్తే వెంటనే 108.

ప్రశ్న: మళ్లీ ఇలా కాకుండా కారులో ఏం మార్చాలి?
– పరకాల

జవాబు: కొనేదేమీ లేదు. హెడ్‌రెస్ట్ చూడండి, చాలా కార్లలో అది అట్టడుగునే ఉంటుంది. పక్కన బటన్ నొక్కి, పై అంచు నడినెత్తి ఎత్తుకు వచ్చేలా లేపండి. తల వెనకకూ దానికీ మధ్య మూడు వేళ్ల ఎడం దాటకూడదు. వీపు వెనక మందపాటి దిండు పెట్టుకుంటే ఆ ఎడం పెరుగుతుంది, తీసేయండి. సీటు మరీ వాల్చుకుని నడిపినా అంతే.