గైడ్ డాగ్ కోసం పెంచుతున్న కుక్కపిల్ల ఇంట్లో తెగ అల్లరి చేస్తోంది, ఇది పనికి రాదేమో?

అలా అస్సలు అనుకోవద్దు. ఈ కుక్కపిల్లలు సుమారు 8 వారాల వయసులో పెంచేవాళ్ళ ఇంటికి వచ్చి ఏడాది పైబడేదాకా ఉంటాయి, చూపులేని మనిషిని నడిపించే అసలు శిక్షణ మొదలయ్యేది ఆ తర్వాతే, కాబట్టి ఇప్పుడు చెప్పులు కొరికినా సాక్సులు ఎత్తుకుపోయినా అది ఆ వయసు లక్షణం.

3 నుంచి 6 నెలల మధ్య పాలపళ్ళు ఊడి కొత్తవి వస్తుంటే చిగుళ్ళు సలిపి దొరికిందల్లా నములుతుంది. గట్టి రబ్బరు బొమ్మ ఇవ్వండి, మిగతావి అందకుండా పెట్టండి. ఏదైనా కరుచుకుని పరిగెత్తితే మాత్రం వెంటపడకండి! దానికది ఆట అయిపోతుంది, రేపు కావాలనే ఎత్తుకుపోతుంది. దగ్గరికి పిలిచి, తిండి ముక్కో ఇంకో బొమ్మో చూపించి, నోట్లోది వదలగానే మెచ్చుకోండి. కొట్టడం, అరవడం వద్దే వద్దు, మనిషంటే భయపడే కుక్క రద్దీ రోడ్డు మీద ఇంకొకరికి ధైర్యంగా దారి చూపలేదు.

ఒక్కదాంట్లో మెత్తబడొద్దు: మీ కంచంలోంచి ఎప్పుడూ పెట్టకండి. రేపు హోటల్లో అది బల్ల కింద కదలకుండా పడుకోవాలి, ఇంట్లో ఒక్కరు జాలిపడి పెట్టినా ఆ అలవాటు మాన్పించడం చాలా కష్టం.

బస్సుల చప్పుడు, లిఫ్టు, జనం కూడా కొద్దికొద్దిగా అలవాటు చేయండి, టీకాలు పూర్తయ్యేదాకా కింద దించకుండా ఎత్తుకుని తిప్పండి.